రెక్కలొచ్చాక ఇల్లెవరు చూస్తారు?

1955 ఏప్రిల్‌లో ఒకనాడు అమెరికాలో లక్షల మంది ఇల్లాళ్లు డ్రాగన్లైపోతారు. ఒళ్లు చీల్చుకుని రెక్కలొస్తాయి, చర్మం మీద పొలుసులు తేలతాయి. ఇంటి కప్పులు బద్దలు కొట్టుకుని ఆకాశంలోకి లేచిపోతారు. పోతూ పోతూ కొందరు మొగుళ్లను మింగేస్తారు కూడా. కెల్లీ బార్న్‌హిల్ నవల ‘వెన్ విమెన్ వర్ డ్రాగన్స్’ (2022) గురించి ఇంతవరకు చెప్పగానే ‘ఓహో, కోపమొచ్చిన ఆడవాళ్ల కథన్నమాట’ అని తేల్చేయడం తేలిక. ఆ ఒక్క రోజుతో నవల అయిపోతే అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఆ పుస్తకం ఎగిరిపోయిన వాళ్ల వెంట పోదు. వెనక ఉండిపోయిన ఒక చిన్నపిల్ల కథ చెబుతుంది.

ఆ పిల్ల పేరు అలెక్స్. తల్లి తోడబుట్టిన మార్లా డ్రాగనై వెళ్లిపోతుంది, తల్లి మాత్రం ఉండిపోతుంది. మార్లా కూతురు బీట్రిస్‌ను ఇంటికి తీసుకొచ్చి ‘ఇది నీ చెల్లెలు, మొదట్నుంచీ నీ చెల్లెలే, మార్లా అనే మనిషి అసలు లేనే లేదు’ అన్నట్టుగా అలెక్స్‌ను పెంచుతారు. బయట కూడా ఎవరూ ఆ ఊసెత్తరు. అదేదో పైకి మాట్లాడకూడని ఆడవాళ్ల విషయం అన్నట్టు దేశం మొత్తం నోరు మూసుకుంటుంది. కొన్నేళ్లకు తల్లి క్యాన్సర్‌తో పోతుంది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని, పిల్లలిద్దరినీ ఓ చిన్న అద్దె అపార్ట్‌మెంట్‌లో పెట్టి చేతులు దులుపుకుంటాడు. చెల్లెల్ని పెంచే బరువు టీనేజీ అలెక్స్ మీద పడుతుంది. ఆ చెల్లెలికేమో ఎప్పుడెప్పుడు డ్రాగన్ అవుదామా అని ఒకటే ఉబలాటం. అలెక్స్‌కు టెన్షన్. తనను ఏ మాటలతో నోరు నొక్కారో, అవే మాటలతో ఆమె చెల్లెలి నోరు నొక్కడం మొదలుపెడుతుంది.

ఫెమినిస్టు ఫాంటసీ మీద ఎక్కడ ఏం చదివినా స్త్రీత్వం, సోదరీత్వం, రూపాంతరం అనే మూడు మాటలు జంట కవుల్లా కలిసే వస్తాయి. ఆడదానిగా పడిన బాధ, ఆ బాధ పంచుకున్న తోడు, ఆ తోడిచ్చిన ధైర్యంతో ఎత్తిన కొత్త రూపం. అట్ట వెనక రాసే నాలుగు ముక్కలకు ఇది బాగానే ఉంటుంది. పుస్తకం లోపలికి వెళితే మాత్రం ఈ మూడూ ఒకదాన్నొకటి వెనక్కి లాగుతుంటాయి. రూపం మారడం ఒక్కరి ఒంట్లో జరిగే పని. అక్కచెల్లెళ్లుగా ఉండటానికి కనీసం ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ ఒకరినొకరు వదలకుండా ఉండాలి. ఒకామెకు రెక్కలొచ్చి రెండో ఆమెకు రాకపోతే ఏమిటి దారి? ఈ రకం నవలల్లో మంచివన్నీ ఈ ప్రశ్న దగ్గరే తంటాలు పడతాయి. ఆ తంటాల్లోనే వాటి విలువంతా ఉందని నా అభిప్రాయం.

పాత కథల్లో నిర్ణయం ఎవరిది

ఆడవాళ్ల రూపం మారడమనేది ఫెమినిస్టులు కనిపెట్టిన వింత కాదు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ కవి ఓవిడ్ రాసిన ‘మెటమార్ఫొసీస్’ నిండా ఇలాంటి కథలే. డాఫ్నీ వెంట అపోలో పడతాడు. పరిగెత్తీ పరిగెత్తీ ఇక ఓపిక లేక, నదీదేవుడైన తండ్రిని కాపాడమని వేడుకుంటుంది. కాళ్లు వేళ్లూనుకుంటాయి, చేతులు కొమ్మలవుతాయి, లారెల్ చెట్టైపోతుంది. పోనీ తప్పించుకుందా అంటే, అపోలో ఆ చెట్టునే కౌగిలించుకుని ఇకనుంచి నువ్వు నా చెట్టువంటాడు. దాని ఆకులు తలకు చుట్టుకుంటాడు. పారిపోవడానికి ఎత్తిన రూపం కూడా చివరికి అతని సొత్తే అయింది.

అదే కావ్యంలో ప్రొక్నీ, ఫిలొమెలా అనే అక్కచెల్లెళ్లున్నారు. అక్క మొగుడు టీరియస్ మరదలిని చెరిచి, బయటపెట్టకుండా ఆమె నాలుక కోసి, అడవిలో ఓ గుడిసెలో బంధిస్తాడు. ఆమె మగ్గం మీద తెల్ల దారాల మధ్య ఊదారంగు దారాలతో జరిగినదంతా నేసి, ఒక దాసి చేతికిచ్చి అక్కకు పంపిస్తుంది. తనేం మోస్తోందో ఆ దాసికి తెలియదు. అక్క ఆ బట్ట విప్పి చదువుకుంటుంది. నోట మాట రాదు, కంట నీరూ రాదు. వెళ్లి చెల్లెల్ని విడిపించుకొస్తుంది. ఆ తర్వాత తీర్చుకున్న పగ మరీ ఘోరం, కన్నకొడుకునే చంపి వండి మొగుడికి పెడుతుంది. కత్తి దూసి అతను వెంటపడేసరికి ఇద్దరూ పిట్టలైపోతారు. ఈ కథ చెప్పిన ప్రతివాళ్లూ పిట్టల దగ్గర ఆగిపోతారు గానీ, నన్నడిగితే అసలు మాయ ఆ నేతలో ఉంది. నాలుక లేనామె మాట్లాడింది, వినాల్సినామె వింది. పిట్టలు కావడం కథ ఎలా ముగించాలో తెలియక దేవతలు చేసిన సర్దుబాటు.

అహల్య సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వాల్మీకి రామాయణంలో ఆమె రాయి కాదు. గాలి తప్ప ఆహారం లేకుండా, బూడిదలో పడి, ఎవరికీ కనపడకుండా ఉండమని గౌతముడి శాపం. రాయి తర్వాతి కథల్లో వచ్చి చేరింది. కనపడకపోయినా, రాయైనా, ఆమె స్థితి మార్చింది మొగుడు, విడిపించింది రాముడు. మధ్యలో గడిచిన కాలమంతా ఆమె గొంతు మనకు వినపడదు.

అంబ మాత్రం ఈ వరసలో ఇమడదు. కాశీరాజు కూతుళ్లు ముగ్గురినీ భీష్ముడు రథమెక్కించి తెస్తాడు. సాళ్వుడిని వరించానన్నందుకు అంబను పంపించేస్తారు. సాళ్వుడు వద్దంటాడు, భీష్ముడూ చేసుకోనంటాడు. అక్కడినుంచి ఆమె పట్టిన పంతానికి ఒక జన్మ చాలలేదు. తపస్సు చేస్తుంటే ఒళ్లు సగం నదై పారిందని ఉద్యోగపర్వం చెబుతుంది. చివరికి చితిలో దూకి, ద్రుపదుడి కూతురిగా పుట్టి, ఒక యక్షుడి దగ్గర మగతనం అరువు తెచ్చుకుని శిఖండి అవుతుంది. ఆ పంతం ఎవరో పెట్టింది కాదు, ఆమె సొంతం. అయినా ఇందులో ఓ మెలిక ఉంది. శిఖండి ఎదురైతే భీష్ముడు బాణం వేయనిది ‘ఇతను పుట్టుకతో స్త్రీ’ అని. అంటే అంత కష్టపడి మార్చుకున్న రూపాన్ని శత్రువు ఒప్పుకోనే లేదు. ఒప్పుకోకపోవడం వల్లే చచ్చాడు. కొత్త రూపం ఎత్తితే లోకం చూపు కూడా మారిపోతుందనుకునే ఇవాళ్టి ఫాంటసీలకంటే ఇది చాలా లోతైన ఆలోచన.

మరి ఆమె తోడబుట్టిన ఇద్దరూ? కథ వాళ్లను అంబతో మళ్లీ కలపదు. అంబిక, అంబాలిక రూపం మార్చుకోలేదు, పగబట్టలేదు. విచిత్రవీర్యుడిని చేసుకున్నారు, విధవలయ్యారు, వంశం నిలబెట్టమని అత్త సత్యవతి ఆజ్ఞాపిస్తే వ్యాసుడి ముందుకు వెళ్లారు. ఒకామె భయంతో కళ్లు మూసుకుంది, ఇంకొకామె పాలిపోయింది. ఆ ఫలితం పుట్టిన కొడుకుల ఒంటి మీద తేలింది. మళ్లీ వెళ్లమన్నప్పుడు అంబిక తన నగలు పెట్టి, తనలా ముస్తాబు చేసి, దాసిని పంపింది. ఇదీ ఒక రూపాంతరమే, మంత్రం లేనిది. విదురుడి తల్లి అయిన ఆ దాసికి భారతం ఒక పేరు కూడా పెట్టలేదు. ఆమెను కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

తిరగేసిన కథలు

ఇరవయ్యో శతాబ్దపు రచయిత్రులు చేసిన మొదటి పని, మారాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆమె చేతికివ్వడం. 1926లో సిల్వియా టౌన్‌సెండ్ వార్నర్ రాసిన ‘లాలీ విల్లోస్’లో లారా పెళ్లి కాని మనిషి. తండ్రి పోయాక లండన్‌లో అన్నగారింట్లో ‘లాలీ అత్త’గా పిల్లల్ని చూసుకుంటూ ఇరవై ఏళ్లు గడిపేస్తుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఒక పల్లెటూరికి మకాం మార్చేసి, సాక్షాత్తూ సైతానుతో ఒప్పందం చేసుకుని మంత్రగత్తె అవుతుంది. సరదా ఏమిటంటే, ఇంత చేసి ఆమె ఆ శక్తితో సాధించేది దాదాపు ఏమీ లేదు. తనను తన మానాన వదిలేస్తే చాలనుకుంటుంది. ఆ మాత్రం దానికే సైతాను కావాల్సి వచ్చిందంటే, మామూలు దారులన్నీ ఎంత గట్టిగా మూసి ఉన్నాయో నవల వేరే చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఏంజెలా కార్టర్ 1979 నాటి ‘ది బ్లడీ చేంబర్’ సంపుటిలో ‘ది టైగర్స్ బ్రైడ్’ అని ఒక కథ ఉంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి కథ ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’లో అమ్మాయి ప్రేమ వల్ల మృగం రాకుమారుడవుతాడు. కార్టర్ దాన్ని తిరగేసింది. తండ్రి పేకాటలో కూతుర్ని ఓడిపోతాడు. పులి ఆమెను నాకుతుంటే చర్మం పొరలు పొరలుగా ఊడిపోయి కింద మెరిసే బొచ్చు బయటపడుతుంది. మనిషిగా ఉన్నంతకాలం ఆమె పందెంలో పెట్టే వస్తువు, కాబట్టి మనిషితనం పోవడంలో ఆమెకు నష్టమేమీ లేదు. అద్భుతమైన కథ. అయితే లారాలాగే ఈ అమ్మాయి కూడా ఒంటరి. వెనక అక్క లేదు, చెల్లి లేదు, చంటిపిల్ల లేదు. కట్టేసే తాళ్లు లేనప్పుడు దూకడం సులువు.

బార్న్‌హిల్ డ్రాగన్లు ఈ దారిలోనే వచ్చినా, ఒకరు కాదు, లక్షల మంది. 1955 అన్న తేదీకీ అర్థముంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్లను యుద్ధం అయిపోగానే ఇళ్లకు పంపించేశారు. నవలలో మార్లా యుద్ధంలో విమానాలు నడిపిన మనిషి, తర్వాత కార్ల మెకానిక్. మిల్‌టౌన్ అనే మందు మార్కెట్లోకి వచ్చిందీ 1955లోనే. మనసు కుదుటపడటానికని ఆ మాత్ర అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. బెటీ ఫ్రీడన్ ‘ది ఫెమినిన్ మిస్టీక్’ 1963లో వచ్చి, అన్నీ ఉన్న ఇల్లాళ్ల మనసులో ఉన్న వెలితి సంగతి బయటపెట్టేదాకా దానికి ఒక పేరంటూ లేదు. పెళ్లైన ఆడమనిషికి సొంత పేరు మీద అప్పు ఇవ్వనంటే అది చట్టవిరుద్ధం కావడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి 1955లో కొందరికి రెక్కలు మొలిచాయంటే, ఇంకా ముందే ఎందుకు మొలవలేదని ఆశ్చర్యపోవాలి. సుప్రీంకోర్టు పదవికి ప్రతిపాదించిన బ్రెట్ కవనా తన మీద లైంగిక దాడి చేశాడని 2018లో అమెరికా సెనెట్ కమిటీ ముందు క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్ ఇచ్చిన వాంగ్మూలం విన్నాక వచ్చిన కోపంలోంచి ఈ నవల మొదలైందని రచయిత్రే చెప్పారు.

ఆ కోపమంతా అటుంచితే, నవలలో నాకు బాగా పట్టుకున్నది అలెక్స్ తల్లి అలవాటు. ఆమె లెక్కల్లో దిట్ట, పెళ్లయ్యాక ఇల్లే లోకం. దారం ముక్క కనిపిస్తే చాలు, చిక్కైన ముడులు వేస్తుంటుంది. కూతురి చేతికీ కడుతుంది. అవి రక్షలని అనుకోవచ్చు, ఎగరకుండా కట్టిన కట్లనీ అనుకోవచ్చు. ఎగరగలిగీ ఎగరని మనిషి ఇంట్లో ఎలా ఉంటుందో ఆ ముడులే చెబుతాయి. ఆమె పిరికిదని గానీ, త్యాగమూర్తి అని గానీ తేల్చకుండా రచయిత్రి అలా వదిలేయడం నాకు నచ్చింది.

ఒంట్లో మొదలయ్యే మాయ

ఇలాంటి కథల్లో మార్పు ఎక్కువగా యవ్వనం రాగానే మొదలవుతుంది. ఒంటికి ఏదో అవుతుంటుంది, దాన్ని ఎవరూ వివరంగా చెప్పరు, చెప్పినా గుసగుసగా చెబుతారు. 2000లో వచ్చిన కెనడా సినిమా ‘జింజర్ స్నాప్స్’లో అక్కకు మొదటి నెలసరి వచ్చిన రాత్రే తోడేలు కరుస్తుంది, ఆమె మెల్లగా తోడేలవుతుంటే చెల్లెలు మందు కోసం వెతుకుతుంది. పోలిక స్పష్టంగానే ఉంది, ఎక్కువ విడమర్చక్కర్లేదు.

చిక్కు వేరే చోట ఉంది. ‘ఈ మార్పు ఆడవాళ్లకే వస్తుంది’ అని కథ నియమం పెట్టుకున్న మరుక్షణం, ఆడవాళ్లంటే ఎవరు అన్న ప్రశ్నకు రచయిత్రి జవాబు చెప్పాల్సి వస్తుంది. గర్భసంచి ఉన్నవాళ్లా? ఆడదానిగా పెరిగినవాళ్లా? ఆడదాన్నని తనకు తాను తెలిసినవాళ్లా? దీన్ని తొణక్కుండా ఎదుర్కొన్నది అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్. ఆమె 1980 నాటి నవల ‘వైల్డ్ సీడ్’లో అన్యన్వూ అనే ఆఫ్రికన్ స్త్రీ వందల ఏళ్లుగా బతుకుతోంది. చిరుతపులి కాగలదు, గద్ద కాగలదు, డాల్ఫిన్ కాగలదు, మగవాడూ కాగలదు. ఇందులో మంత్రాలేమీ లేవు. ఒక జంతువు మాంసం రుచి చూసి, ఆ ఒళ్లు ఎలా పనిచేస్తుందో లోపల్లోపల చదువుకుని, తన ఒంటిని అలా దిద్దుకుంటుంది. ఆమె వైద్యురాలు, రూపం మార్చుకోవడం కూడా ఆమెకు వైద్యంలో భాగమే. తర్వాత అమెరికాలో బానిసత్వం రోజుల్లో తనవాళ్లను కాపాడుకోవడానికి తెల్లదొర రూపంలో ఆస్తి కూడా నడుపుతుంది. ఇన్ని ఒళ్లు మారినా అన్యన్వూ అన్యన్వూగానే ఉంటుంది. స్త్రీత్వం ఒంట్లో ఏదో ఒక చోట లేదని ఉపన్యాసం ఇవ్వకుండా చూపించిన నవల అది.

ఇంత శక్తి ఉన్నామెను కూడా డోరో అనే నాలుగు వేల ఏళ్ల మొండి ప్రాణి గుప్పిట్లో పెట్టుకుంటాడు. ఎలాగంటారా? నువ్వు రాకపోతే నీ పిల్లల జోలికి వెళతానంటాడు. అంతే. ఆమె జంతు రూపంలో ఉంటే అతనికి ఆచూకీ అందదు. కావాలనుకుంటే సముద్రంలో డాల్ఫినై ఎన్నాళ్లైనా హాయిగా ఉండొచ్చు, కొన్నాళ్లు ఉంటుంది కూడా. కానీ మళ్లీ మనుషుల్లోకి వస్తుంది, ఎందుకంటే ఆమెకు మనుషులు కావాలి. శక్తి ఇస్తే స్వేచ్ఛ దానంతట అదే వస్తుందనుకునే కథలకు బట్లర్ వేసిన కళ్లెం ఇది.

ఉండిపోయినవాళ్ల వైపు

అర్సులా లెగ్విన్ కథ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే ఆమె తను కట్టిన లోకాన్నే తను తప్పుపట్టింది. 1968లో మొదలైన ‘ఎర్త్‌సీ’ నవలల్లో మంత్రవిద్య నేర్పే బడికి మగపిల్లలకే ప్రవేశం. ఆడవాళ్ల మంత్రమంత బలహీనం, ఆడవాళ్ల మంత్రమంత చెడ్డది అని ఆ లోకంలో సామెతలు. మూడో పుస్తకం 1972లో వచ్చింది. 18 ఏళ్లాగి 1990లో నాలుగోది ‘టెహాను’ రాసింది. అందులో సాహసయాత్రలు లేవు. టెనార్ అనే నడివయసు విధవరాలు, ఆమె పెంచుకుంటున్న చిన్న పిల్ల. ఆ పిల్లను సొంత మనుషులే హింసించి మంటల్లోకి తోశారు. సగం మొహం, ఒక చెయ్యి కాలిపోయాయి.

ఈ నవలలో డ్రాగన్లకంటే అంట్లు ఎక్కువ. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద మాంత్రికుడు గెడ్, శక్తి అంతా పోగొట్టుకుని టెనార్ ఇంటికి చేరతాడు, అంట్లు కడుగుతాడు. ఓడల మీద తిరిగొచ్చిన ఆమె కొడుకు మాత్రం అది ఆడవాళ్ల పనంటాడు. ఈ వంటింట్లో తినే ప్రతివాళ్ల పనీ అంటుంది టెనార్. మాంత్రికుల యుద్ధాలన్నిటికంటే ఈ చిన్న తగువులో ఎర్త్‌సీ లోకం ఎక్కువ కదిలిందని నాకనిపిస్తుంది. మొదటి మూడు పుస్తకాలూ ఇష్టపడ్డ పాఠకుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు, పడకపోవడం సహజం కూడా.

చివర్లో తేలేదేమిటంటే, ఆ కాలిన పిల్ల డ్రాగన్ల సంతతి. మహా డ్రాగన్ కలెసిన్ వచ్చి ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది. మనవాళ్ల దగ్గరికి వెళ్దామా అన్న మాట వస్తుంది. వీళ్లు రాలేరా అని అడుగుతుంది పిల్ల. రాలేరు, వీళ్ల బతుకు ఇక్కడే. అయితే నేనూ ఉంటానంటుంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇంత సూటి సన్నివేశం నేను వేరే ఎక్కడా చదవలేదు. రెక్కలున్న పిల్ల, రెక్కల్లేని వాళ్ల కోసం ఆగింది, ఎవరూ ఆగమని అడక్కుండానే. 2001లో వచ్చిన ‘ది అదర్ విండ్’లో ఆమె చివరికి ఎగిరిపోతుంది, టెనార్ అడ్డుపడదు. ఆ రెండు పుస్తకాల మధ్య ఉన్న పదకొండేళ్లనూ కలుపుకుంటేనే ఈ కథ పూర్తవుతుంది. ఉండటమూ వెళ్లడమూ రెండూ ప్రేమలోంచే రావడానికి లెగ్విన్‌కు అంత కాలం పట్టింది.

హాన్ కాంగ్ 2007లో రాసిన ‘ది వెజిటేరియన్’ను కచ్చితంగా ఫాంటసీ అనలేం. యోంగ్ హే మాంసం మానేస్తుంది, తర్వాత తిండే మానేస్తుంది, తను చెట్టవుతున్నానని నమ్ముతుంది. చేతుల్లోంచి వేళ్లు దిగుతున్నాయని తలకిందులుగా నిలబడుతుంది. నిజంగా చెట్టు కాదు, కృశించిపోతుంది. ఈ రచయిత్రే అంతకు పదేళ్ల ముందు, భార్య నిజంగానే మొక్కైపోయే కథ ఒకటి రాసింది. నవలకు వచ్చేసరికి మాయ తీసేసి, దాని చోట అక్కను పెట్టింది. చివరి భాగమంతా ఆ అక్క ఇన్ హే వైపునుంచి నడుస్తుంది. దుకాణం నడుపుతుంది, కొడుకును పెంచుతుంది, ఆస్పత్రి బిల్లు కడుతుంది, పండ్లు పట్టుకుని చెల్లెల్ని చూడటానికి వెళుతుంది. చెల్లెలి మీద ఆమెకున్నది జాలి ఒక్కటే కాదు. తను దాటలేని గీతను దాటేసి, బాధ్యతలన్నీ తన నెత్తిన వదిలేసి వెళ్లినందుకు కోపం కూడా ఉంది. సోదరీత్వం గురించి రాసేవాళ్లు ఈ కోపాన్ని దాచేస్తుంటారు. దాన్ని దాచని పుస్తకాలే నమ్మబుద్ధవుతాయి.

తిరిగి మనిషిని చేసేదెవరు

వెళ్లడం గురించి ఇంత రాశారు గానీ, తిరిగి రావడం గురించి రాసింది తక్కువ. ఆ లోటును ఎ.కె. రామానుజన్ సేకరించిన ఒక కన్నడ జానపద కథ పూడుస్తుంది. ఇంగ్లిష్‌లో ‘ఎ ఫ్లవరింగ్ ట్రీ’గా ప్రసిద్ధం. తల్లి కష్టం చూడలేక ఒక పేదపిల్ల అక్క సాయంతో ఓ ఉపాయం పన్నుతుంది. రెండు బిందెల నీళ్లు కావాలి. మొదటి బిందె ఆమె మీద పోస్తే పూలచెట్టవుతుంది. ఆకు చిరగకుండా, రెమ్మ విరగకుండా పూలు కోసుకోవాలి. రెండో బిందె పోస్తే మళ్లీ మనిషవుతుంది. తోడబుట్టినామె జాగ్రత్తగా కోస్తుంది, జాగ్రత్తగా పోస్తుంది. పూలు అమ్ముకుంటారు.

పెళ్లయ్యాక రాకుమారుడు ఆ విద్య తన కోసం చేయమంటాడు. తర్వాత ఆడబిడ్డ స్నేహితురాళ్లతో తోటకు తీసుకెళ్లి చెట్టు కమ్మంటుంది. వాళ్లు కొమ్మలు విరిచి, నీళ్లు సరిగా పోయకుండా వదిలేసి పోతారు. ఆమె చెట్టూ కాక, మనిషీ కాక, కాళ్లూ చేతులూ లేని మొండెంగా మిగులుతుంది. చివర్లో మొగుడు విరిగిన కొమ్మలు సరిచేసి, కట్లు కట్టి, నీళ్లు పోస్తేనే మళ్లీ మనిషవుతుంది.

ఈ కథలో మార్పు ఆమె శక్తే, కానీ అదే ఆమె అత్యంత నిస్సహాయంగా ఉండే క్షణం కూడా. చెట్టుగా ఉన్నంతసేపూ కదల్లేదు, అరవలేదు. రెండో బిందె ఎవరి చేతిలో ఉందన్న దాని మీదే ఆమె ప్రాణం ఆధారపడి ఉంది. సోదరీత్వమంటే ఏమిటో నాకు ఏ సిద్ధాంతంకంటే ఈ కథలోనే బాగా అర్థమైంది. ఆడబిడ్డా ఆడదే, ఆ స్నేహితురాళ్లూ ఆడవాళ్లే. అయినా కొమ్మలు విరిచారు.

‘మనమంతా ఒక్కటే’ అన్న మాటలో ఉన్న మోసం

అమెరికాలో 1970లో ‘సిస్టర్‌హుడ్ ఈజ్ పవర్‌ఫుల్’ అనే సంకలనం వచ్చాక ఆ మాట నినాదమైంది. 1984లో నల్లజాతి ఫెమినిస్టు రచయిత్రి బెల్ హుక్స్ దాన్ని గట్టిగా నిలదీసింది. మనమంతా బాధితులమే అన్న ఒక్క కారణంతో ఆడవాళ్లందరూ ఏకం కావడం కుదరదు, అలా అనడం వల్ల ఒకరి మీద ఒకరు చేసే పెత్తనం కప్పబడిపోతుంది అంది. నల్లజాతి స్త్రీకీ, ఆమె ఎవరింట్లో పనిచేస్తోందో ఆ తెల్ల ఇల్లాలికీ ఉన్నది ఒకే కష్టమని ఎలా అంటాం? తేడాలు ఒప్పుకుని, వాటి మీద పోట్లాడుకుని, ఆ తర్వాత కలిసి నిలబడితే అది నిజమైన కలయిక అని ఆమె వాదన.

ఇక్కడే అంబిక పంపిన దాసి మళ్లీ గుర్తుకు రావాలి. రాణికి ఇష్టం లేని రాత్రిని ఆమె నగలు పెట్టుకుని దాసి మోసింది. ఫిలొమెలా బట్టను తీసుకెళ్లిన దాసికి అందులో ఏముందో తెలియదు. పెద్దింటి ఆడవాళ్ల మార్పుకు, ప్రతిఘటనకు, పగకు సాయం చేసినవాళ్లు వీళ్లు, వీళ్లకు మాత్రం ఏ మాయా జరగదు. చాలా ఫెమినిస్టు ఫాంటసీల్లో ఈ లోపం ఇప్పటికీ ఉంది. రాకుమార్తె కత్తి పట్టి అడవికి పారిపోతే చప్పట్లు కొడతాం. ఆమె లేనందుకు తెల్లారి దెబ్బలు తినే పనిపిల్ల కథలో ఎక్కడా ఉండదు. నావోమీ ఆల్డర్‌మన్ ‘ది పవర్’ (2016)లో అమ్మాయిల చేతుల్లోంచి కరెంటు పుడుతుంది, కొన్నాళ్లకే ఆ శక్తితో వాళ్లూ అణచడం నేర్చుకుంటారు. ఆ నవల ముతకగా ఉందన్నవాళ్లున్నారు, కొన్ని చోట్ల నిజమే. కానీ శక్తి వస్తే ఆడవాళ్లు సహజంగానే దయగా ఉంటారన్న తీపి అబద్ధాన్ని అది చెప్పదు.

బార్న్‌హిల్ నవల ఈ పరీక్షలో సగం మార్కులు తెచ్చుకుంటుంది. వెళ్లిపోయిన డ్రాగన్లు కొన్నేళ్లకు తిరిగొస్తాయి. మార్లా కూడా వస్తుంది. వచ్చి క్షమించమని కాళ్లమీద పడరు, పిల్లల్ని చూసుకోవడం, ఇంటిపనులు మొదలుపెడతారు. అలెక్స్ వాళ్లను అంత తేలిగ్గా దగ్గరికి రానివ్వదు, రానివ్వకపోవడమే న్యాయం. చివరికి చెల్లెలికి అడ్డు తొలుగుతుంది, తను మాత్రం మనిషిగానే ఉండి సైన్సు చదువుకుంటుంది. మారకపోవడం కూడా ఒక ఎంపికేనని ఒప్పుకోవడం ఈ నవలలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చిన విషయం. మిగతా సగం మార్కులు ఎందుకు పోయాయంటే, అంత పెద్ద దేశంలో ఎవరు ఎగరగలిగారు, ఎవరికి ఎగిరే తీరికైనా లేదు అన్నది అది పైపైనే చూస్తుంది.

చదవాలనుకునేవాళ్లు కార్టర్ కథతో మొదలుపెట్టొచ్చు, గంటలో అయిపోతుంది. లెగ్విన్‌ను మాత్రం వరుసలో చదవాలి. మొదటి మూడూ చదవకుండా ‘టెహాను’ తెరిస్తే ఆమె దేన్ని తిరగరాస్తోందో అందదు. బట్లర్ కాస్త కష్టం, కొన్ని సన్నివేశాలు మనసును పిండేస్తాయి. తెలుగులోనే కావాలంటే ఓల్గా ‘విముక్త’ కథలున్నాయి, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో ఎవరూ చెట్టూ పిట్టా కారు. సీత శూర్పణఖను కలుస్తుంది, అహల్యను కలుస్తుంది, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. పాత కథలు ఎప్పుడూ కలవనివ్వని ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. డ్రాగన్ల పుస్తకం పూర్తిచేసిన వెంటనే ఆ కథలు చదివితే రెండూ ఇంకా బాగా అర్థమవుతాయి.